అబ్ఖాజియా, ట్రాన్స్‌నిస్ట్రియా లాంటివి వాళ్ళంతట వాళ్ళే విడిపోయారా, పక్క దేశం విడగొట్టిందా?

గోదారి_అక్క:

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా చెల్లి జార్జియాలో, టిబిలిసిలో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదువుతోంది. మొన్న సెలవులకి క్లాస్‌మేట్స్‌తో కలిసి గోరీ అనే ఊరు వెళ్ళింది, స్టాలిన్ పుట్టిన ఊరు కదా, మ్యూజియం ఉంది. తిరిగొచ్చేటప్పుడు కారు డ్రైవర్ హైవే మీద ఒకచోట స్లో చేసి పొలాల వైపు చెయ్యి చూపించి ఆ కంచె అవతల మా తాతగారి ఊరు, 2008 నుంచి వెళ్ళలేదు అన్నాడట. చెల్లి ఫోటో పంపింది. జూమ్ చేసి చూశాను. ఇటు ఆపిల్ చెట్లు, అటూ అవే ఆపిల్ చెట్లు, మధ్యలో ముళ్ళకంచె, ఒక ఆకుపచ్చ బోర్డు. అంతే. మన వాఘా లాగా గేటూ జెండా పరేడూ ఏమీ లేవు, ఎవరో రాత్రికి రాత్రి చేను మధ్యలో హద్దురాళ్ళు పాతేసినట్టుంది.

అది సౌత్ ఒసేతియా అట, జార్జియా నుంచి విడిపోయిన ముక్క. ఇంకోవైపు సముద్రం పక్కన అబ్ఖాజియా అని ఇంకోటి. అప్పట్నుంచి రోజూ రాత్రి కూర్చుని వీటి గురించే చూస్తున్నాను, ట్రాన్స్‌నిస్ట్రియా, నగోర్నో కరబాఖ్, నార్త్ సైప్రస్, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. సగం వీడియోల్లో ఇదంతా రష్యా ఆడిస్తున్న బొమ్మలాట అంటారు, సగం వీడియోల్లో పాపం వాళ్ళ భాష వేరు జాతి వేరు, కలిసుండలేక విడిపోయారు అంటారు. నాకు రెండూ పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు. మనుషుల మనసులో ఏమీ లేకుండా ఒక బయటి దేశం వచ్చి కొత్త దేశాన్ని పుట్టించగలదా? బయట ఎవరూ సాయం చెయ్యకపోతే, ఎంత వేరు అనుకున్నా, అలా నిలబడగలరా? తెలిసినవాళ్ళు చెప్పండి, ముఖ్యంగా అక్కడ ఉన్నవాళ్ళు.

సింపుల్_శీను:

రష్యా గేమ్ అండి అంతా. సైన్యం తీసేస్తే రెండో రోజుకి ఒక్కటీ ఉండదు. ఇంత ఆలోచించక్కర్లేదు.

పేట_డాక్టర్:

శీను గారూ, ఆరేళ్ళు టిబిలిసిలో ఉన్నాను, మీరన్నంత సింపుల్‌గా అయితే లేదు. అక్కా, సౌత్ ఒసేతియా సంగతి తర్వాత, అబ్ఖాజియా గురించి చెప్తాను, ఎందుకంటే అది నేను పుస్తకంలో కాదు మా ఓనర్ ఆంటీ వంటింట్లో నేర్చుకున్నాను.

ఆంటీ వాళ్ళది సొఖుమి, అబ్ఖాజియా రాజధాని, నల్ల సముద్రం ఒడ్డు. జార్జియన్ ఆవిడ. 1993 సెప్టెంబర్ 27న ఊరు అబ్ఖాజ్ వాళ్ళ చేతికి వెళ్ళిపోయింది, అప్పటికి రెండు రోజుల ముందు ఇద్దరు పిల్లల్ని తీసుకుని బయటపడ్డారు. అలా వెళ్ళగొట్టబడ్డ జార్జియన్లు రెండు లక్షల మందికి పైనే. టిబిలిసి నడిబొడ్డున ఇవేరియా అని పెద్ద హోటల్ ఉండేది, దాని నిండా వీళ్ళనే పెట్టారు, బాల్కనీలకి చెక్కలు కొట్టుకుని గదులు చేసుకుని ఏళ్ళ తరబడి ఉన్నారు, ఆంటీ కూడా అందులోనే పదేళ్ళు. ఇప్పుడు చెప్పేది వినండి. ఆవిడ ప్రతి ఆగస్టులో ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు, ధనియాలు కలిపి అజికా అని ఒక కారం చేస్తారు, అచ్చం మన వెల్లుల్లి కారమే, మొదటిసారి తిన్నప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మిక్సీలో వెయ్యరు, రాయి మీదే నూరతారు. ఎందుకు అనడిగితే మా పక్కింటి అబ్ఖాజ్ అత్త అలా నేర్పింది, మిక్సీలో వేస్తే అది అజికా కాదు అంది అన్నారు. ఆ పక్కింటావిడ కొడుకే తర్వాత అటువైపు తుపాకీ పట్టుకున్నాడు. ఆంటీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కానీ ఆ అత్తని ఒక్క మాట అనగా నేను వినలేదు.

సరే, అబ్ఖాజ్ వాళ్ళ వైపు నుంచి చూడండి. వాళ్ళ భాషకి జార్జియన్‌తో చుట్టరికమే లేదు, కాకసస్ ఉత్తరపు కొండల భాషల కుటుంబం అది. 1860లు 70ల్లో జార్ల రష్యానే వాళ్ళలో చాలామందిని ఒట్టోమాన్ టర్కీకి తరిమేసింది, అంటే ఇప్పుడు కాపాడుతున్నానంటున్న రష్యానే అప్పుడు ఊళ్ళు ఖాళీ చేయించింది, ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. సోవియట్ వచ్చాక 1931లో అబ్ఖాజియాని జార్జియా లోపల అటానమస్ రిపబ్లిక్‌గా దించారు. 1938లో వాళ్ళ భాషకి జార్జియన్ లిపి పెట్టారు, 1945 తర్వాత అబ్ఖాజ్ మీడియం బడులు మూసేశారు, జార్జియా పల్లెల నుంచి జనాన్ని తెచ్చి అక్కడ కుదిర్చారు. స్టాలిన్ పోయాక బడులు మళ్ళీ తెరిచారు, లిపి మార్చారు, కానీ 1989 జనాభా లెక్కల నాటికి సొంత గడ్డ మీద అబ్ఖాజ్‌లు 18 శాతం కూడా లేరు, జార్జియన్లు 46 శాతం దగ్గర. ఇంకొక్క తరం పోతే మేమంటూ ఉండం అన్న భయం వాళ్ళది. అది మాస్కో నుంచి ఎవరో వచ్చి నూరిపోసింది కాదు, ఇంట్లో ముసలివాళ్ళు చెప్పుకునేది. 1992 ఆగస్టులో జార్జియా సైన్యం వచ్చింది, అక్టోబర్‌లో సొఖుమిలో వాళ్ళ స్టేట్ ఆర్కైవ్ తగలబడింది, ఒక చిన్న జాతి రాతపూర్వక చరిత్ర చాలావరకు ఒక్క రోజులో బూడిద. ఆ తర్వాత ఇక మాటలేముంటాయి.

ఊరి పేరు చూడండి, జార్జియన్లు సొఖుమి అంటారు, అటువాళ్ళు చివరి ‘ఇ’ వినబడితే మొహం మాడ్చుకుంటారు, సుఖుమ్ అనాలి, వాళ్ళ సొంత భాషలో అయితే ఆక్వా. ఒక్క అక్షరం మీద మనిషి ఎటువైపో తెలిసిపోతుంది.

ఇక రష్యా పాత్ర. యుద్ధంలో ఆయుధాలు విమానాలు అటు నుంచే వచ్చాయి, ఉత్తర కాకసస్ వాలంటీర్లూ వచ్చారు, అది లేకుండా ఆ 18 శాతం గెలిచేవాళ్ళు కాదు. కానీ గెలిచాక 1996లో అదే రష్యా పాత సోవియట్ దేశాల కూటమితో కలిసి అబ్ఖాజియా మీద ఆంక్షలు పెట్టింది! పుతిన్ వచ్చాక మళ్ళీ తిప్పారు, 2002 నుంచి అక్కడి జనానికి రష్యన్ పాస్‌పోర్టులు పంచారు, పెన్షన్లు ఇచ్చారు. 2008 ఆగస్టులో రష్యాకీ జార్జియాకీ యుద్ధం వచ్చినప్పుడు మా పౌరుల్ని కాపాడుకోవడానికి వచ్చాం అన్నారు, ఆ పౌరుల్ని తయారుచేసింది వాళ్ళే. ఆగస్టు 26న అబ్ఖాజియా, సౌత్ ఒసేతియా రెండింటినీ దేశాలుగా గుర్తించారు. ఐక్యరాజ్యసమితి దేశాల్లో రష్యా తర్వాత గుర్తించినవి నికరాగువా, వెనిజులా, నౌరు, సిరియా లాంటి కొన్నే, చేతివేళ్ళు చాలు.

శీను గారన్నట్టు బొమ్మలాటే అయితే 2024 నవంబర్‌లో జరిగింది జరక్కూడదు. రష్యా కంపెనీలకి పెట్టుబడి ఒప్పందం ఇచ్చేస్తున్నారని జనం పార్లమెంట్ గేటు ట్రక్కుతో లాగేసి లోపలికి దూరారు, ప్రెసిడెంట్ బ్జానియా రాజీనామా చేశాడు. అక్కడ బయటివాళ్ళు, రష్యన్లతో సహా, ఇల్లు కొనడానికి చట్టం ఒప్పుకోదు. కారణం అదే పాత భయం, మొన్న జార్జియన్ల వల్ల మైనారిటీ అయ్యాం, రేపు డబ్బున్న రష్యన్ల వల్ల అవుతాం అని. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి మాస్కో కొన్ని సాయం డబ్బులు ఆపింది, ఆ చలికాలం రోజుకి కొన్ని గంటలే కరెంటు. అస్తిత్వం కోసం ఒకరి నుంచి తప్పించుకున్నారు, ఆ తప్పించినవాడి నుంచి ఇప్పుడు అదే అస్తిత్వాన్ని కాపాడుకుంటున్నారు. నా మనసులో మాట ఇదే.

కిషినావ్_కుర్రాడు:

డాక్టర్ అన్నా, చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నేను మోల్డోవాలో చదువుతున్నా, కిషినావ్‌లో. మా దగ్గర ట్రాన్స్‌నిస్ట్రియా కేసు మీరు చెప్పిన దానికి దాదాపు తిరగేసినట్టు ఉంటుంది, అందుకే రాస్తున్నా.

నీస్టర్ నదికీ ఉక్రెయిన్‌కీ మధ్య సన్నటి పేలిక లాంటి ముక్క. అక్కడ విడి జాతి అంటూ ఏమీ లేదు అక్కా, మోల్డోవన్లు రష్యన్లు ఉక్రెయినియన్లు తలా మూడో వంతు అటూ ఇటుగా, పెళ్ళిళ్ళు కలిసిపోయినవాళ్ళు. ఉన్నది ఏంటంటే గతం తేడా. నదికి ఇటు వైపు రొమేనియాలో ఉండేది, 1940లో స్టాలిన్ లాక్కుని అటువైపు ముక్కని కలిపి ఒక రిపబ్లిక్ చేశాడు. పెద్ద ఫ్యాక్టరీలు, స్టీలు, కరెంటు ప్లాంటు అన్నీ అటు కట్టారు, పనివాళ్ళు సోవియట్ నలుమూలల నుంచి వచ్చారు, అందరికీ కామన్ భాష రష్యన్. 1989 ఆగస్టు 31న కిషినావ్‌లో మోల్డోవన్ భాషే అధికార భాష, లాటిన్ లిపిలో రాయాలి అని చట్టం వచ్చేసరికి అటువాళ్ళకి గుండెల్లో రాయి పడింది, రేపు రొమేనియాలో కలిపేస్తారు, మన ఉద్యోగం ఏంటి పిల్లల చదువేంటి అని. 1990 సెప్టెంబర్ 2న విడిపోయాం అన్నారు. 1992లో యుద్ధం, బెండరీ ఊళ్ళో వీధి వీధికీ కొట్టుకున్నారు, అక్కడే ఉన్న రష్యా 14వ సైన్యం జనరల్ లెబెద్ కింద దిగేసరికి జులైలో ఆగింది. ఇప్పటికీ సుమారు 1,500 మంది రష్యా సైనికులు, కొబాస్నాలో 20,000 టన్నుల పాత మందుగుండు. తమాషా అనుకోవద్దు, ఉక్రెయిన్ బోర్డర్ నుంచి రెండు మూడు కిలోమీటర్లే అది.

నేను పోయిన ఏడాది వాళ్ళ రాజధాని తిరాస్పోల్ వెళ్ళొచ్చా, మినీ బస్సులో రెండు గంటలు కూడా పట్టదు. చెక్‌పోస్ట్‌లో చిన్న కాగితం ఇస్తారు, ఎన్నింటి లోపు బయటికి పోవాలో దాని మీద ఉంటుంది. ఏటీఎం కార్డు పనిచెయ్యలా. డబ్బు మార్చుకుంటే చేతిలో ప్లాస్టిక్ నాణేలు పెట్టారు, నిజంగా ప్లాస్టిక్, ఒకటి గుండ్రం, ఒకటి చతురస్రం, ఇంకోటి ఐదు మూలలు, చిన్నప్పుడు ఆడుకున్న క్యారమ్ కాయిన్స్ పట్టుకున్నట్టే ఉంది. ఆ చెక్‌పోస్ట్ దాటితే ఆ నాణెం ఎక్కడా చెల్లదు. టీ కొట్టు పిల్ల ఒకమ్మాయిని నీకు ఏ పాస్‌పోర్ట్ అనడిగా, మూడు ఉన్నాయి అంది: ఇక్కడిది, రష్యాది, మోల్డోవాది. ఏది వాడతావ్ అంటే మోల్డోవాది, జర్మనీ పోవాలంటే అదే పనికొస్తుంది అంది. చాలామందిది అదే పరిస్థితి.

ఈ ఊరిని ఇన్నేళ్ళు నిలబెట్టింది జాతి కాదు, గ్యాస్. రష్యా ప్రభుత్వ కంపెనీ గాజ్‌ప్రోమ్ గ్యాస్ పంపేది, వీళ్ళు డబ్బు కట్టేవాళ్ళు కాదు, బిల్లు మోల్డోవా ఖాతాలో అప్పుగా రాసుకునేవాళ్ళు, అది 700 కోట్ల డాలర్లు దాటేసింది. ఆ ఫ్రీ గ్యాస్‌తో కరెంటు చేసి నదికి ఇటు మాకే అమ్మేవాళ్ళు, స్టీలు యూరప్‌కి అమ్మేవాళ్ళు. అంటే మోల్డోవా ఇచ్చే కరెంటు డబ్బులతోనే మోల్డోవా నుంచి విడిపోయిన గవర్నమెంట్ నడిచింది. వాళ్ళ షెరీఫ్ ఫుట్‌బాల్ టీమ్ 2021లో మాడ్రిడ్ వెళ్ళి రియల్ మాడ్రిడ్‌ని 2-1తో కొట్టింది కదా, ఆ టీమ్ కూడా ఆడేది మోల్డోవా లీగ్‌లోనే.

2025 జనవరి 1న ఉక్రెయిన్ మీదుగా పైపు ఆగిపోయింది. టర్కీ వైపు నుంచి పంపే దారి ఉన్నా అప్పు సాకు చెప్పి గాజ్‌ప్రోమ్ పంపలేదు. తిరాస్పోల్లో రేడియేటర్లు చల్లబడ్డాయి, వేడినీళ్ళు లేవు, ఆహారం తయారుచేసేవి తప్ప ఫ్యాక్టరీలు మూశారు, జనం కట్టెలు కొట్టుకున్నారు. మా క్లాస్‌లో ఒకమ్మాయి అమ్మమ్మ అక్కడే ఉంటుంది, ఆ నెలంతా ఫోన్ చేసి కోటు వేసుకునే పడుకుంటున్నా అని చెప్పేదట. 2006లో రష్యాలో కలవడానికి 97 శాతం ఓటేశారని వాళ్ళ లెక్క, అయినా రష్యా ఈ రోజుకీ దాన్ని దేశంగా గుర్తించలేదు. ఎందుకు గుర్తిస్తుంది, గుర్తించకుండా అట్టే పెట్టుకుంటేనే కదా మోల్డోవా మెడ చేతిలో ఉండేది.

అమీర్‌పేట్_రవి:

ఇవన్నీ వింటుంటే మన తెలంగాణ ఉద్యమం కూడా ఇదే టైపు అనిపిస్తుంది. ఐడెంటిటీ మీదే కదా విడిపోయింది.

ఓరుగల్లు_బిడ్డ:

రవి అన్నా, గట్ల కలపకు దయచేసి. మనం కొట్లాడింది దేశం నుంచి ఇడిపోవుడుకు కాదు, దేశంల మా రాష్ట్రం మాకు గావాలని. 1969ల పిల్లలు తూటాలకు పోయిన్రు, తర్వాత గూడ ఎంతమంది పాణాలిడిశిన్రో మా వరంగల్ల ప్రతి గల్లీకి ఎరుకే. గంత జరిగినా ఎవ్వలు ఏ పక్క దేశం మొకం జూడలే, తిరిగితిరిగి ఢిల్లీకే పోయినం, ఆర్టికల్ 3 కింద పార్లమెంటుల బిల్లు పాసయింది, 2014 జూన్ 2 నాడు రాష్ట్రమచ్చింది. అడగనీకె తలుపున్నది కాబట్టే తుపాకి అవసరం పడలే. డాక్టర్ సాబ్ జెప్పిన కాడ గా తలుపు మూసుకపోయింది, బయటోడు కిటికీల కెళ్ళి తుపాకి అందిచ్చిండు. గది ఇది ఒక్కటెట్లయితది?

కని ఒక్క ముచ్చట మాత్రం నాకు మంచిగ సమజైంది. బడులు మూసిన్రు, లిపి మార్చిన్రు అని సదివినప్పుడు మా నాయిన యాదికొచ్చిండు. కాలేజీల ఆయన మాట ఇని నవ్విన్రంట, మళ్ళ మూడేండ్లు క్లాసుల నోరు దెరవలే. భాష ఒక్కటే అయినా యాసను జూసి నవ్వితేనే గంతగనం కుములుతడు మనిషి, ఇగ భాషనే లేకుంట జేస్తమంటే ఏమైతడు.

సీతమ్మధార_మాస్టారు:

అమ్మా, నీ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నాకు తెలిసింది చెప్తాను. ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి, పిల్లలకి అట్లాసులో కరబాఖ్ చూపించి చెప్పేవాణ్ణి.

నువ్వడిగావు, బయట సాయం లేకపోతే నిలబడతారా అని. కరబాఖ్ అంటే అజర్‌బైజాన్ లోపల అర్మేనియన్లు ఉండే కొండప్రాంతం, అక్కడ అస్తిత్వానికి ఏం తక్కువమ్మా? అక్కడి అర్మేనియన్లకి భాష ఉంది, లిపి ఉంది, శతాబ్దాల నాటి చర్చిలున్నాయి. 1988 ఫిబ్రవరిలో సోవియట్ బతికుండగానే అర్మేనియాలో కలపండని తీర్మానం చేశారు. మొదటి యుద్ధంలో గెలిచారు కూడా, 1994లో కాల్పులు ఆగాయి. గెలిచినప్పుడు చుట్టూ ఉన్న ఏడు జిల్లాలు ఆక్రమించి లక్షల మంది అజర్‌బైజానీల్ని ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టారు, అదీ దాచకూడదు. వాళ్ళకి ఆసరా అర్మేనియా, అర్మేనియాకి ఆసరా రష్యా. ఆసరా మీద ఆసరా. అటు అజర్‌బైజాన్‌కి చమురు డబ్బు వచ్చింది, టర్కీ తోడొచ్చింది, 2020లో నలభై నాలుగు రోజుల్లో డ్రోన్లతో లెక్క మారిపోయింది. రష్యా శాంతి సైనికులు దాదాపు రెండు వేల మంది వచ్చి నిలబడ్డారు. 2022 డిసెంబర్‌లో అజర్‌బైజాన్ వైపు వాళ్ళు లచీన్ రోడ్డు, అంటే అర్మేనియాకి ఉన్న ఒక్క దారి, మూసేస్తే చూస్తూ ఉన్నారు. తొమ్మిది నెలలు మందులు లేక పిండి లేక జనం అల్లాడారు. 2023 సెప్టెంబర్ 19న అజర్‌బైజాన్ దాడి మొదలైంది, మర్నాటికి లొంగిపోయారు, లక్ష మందికి పైగా ఆ ఒక్క కొండ రోడ్డు మీద వారం పది రోజుల్లో అర్మేనియాకి వెళ్ళిపోయారు. కార్ల మీద పరుపులు, కుర్చీలు, కుట్టుమిషన్లు కట్టుకుని వెళ్తుంటే టీవీలో చూసి నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. 2024 జనవరి 1 నుంచి ఆ రిపబ్లిక్ లేదని కాగితం రాసేశారు.

అంటే అస్తిత్వం ఉన్నచోటే ఆసరా తప్పుకుంటే ఇలా అయింది. ట్రాన్స్‌నిస్ట్రియాలో అది పల్చగా ఉన్నా సైన్యం కదల్లేదు కాబట్టి మిగిలింది. అలాగని బయటివాడు లేకపోతే బతకలేరనీ అనను. ఆఫ్రికాలో సోమాలీలాండ్ చూడు, 1991లో సోమాలియా నుంచి విడిపోయామన్నారు, ముప్పై ఏళ్ళకి పైగా ఏ దేశం గుర్తించకపోయినా, ఏ సైన్యం కాపలా లేకపోయినా సొంత కరెన్సీ పెట్టుకుని ఎన్నికలు జరుపుకున్నారు. తెగల పెద్దలు నెలల తరబడి కూర్చుని మాట్లాడుకుని కుదుర్చుకున్న రాజ్యం అది.

మన పక్కనే బంగ్లాదేశ్ ఉంది. 1952 నుంచి భాష కోసం రక్తం ధారపోశారు, 1971లో మన సైన్యం వెళ్ళింది, డిసెంబర్ 16కి అయిపోయింది, 1972 మార్చికల్లా మనవాళ్ళు వెనక్కి వచ్చేశారు. ఆ వెనక్కి రావడమే నాకు ముఖ్యం అనిపిస్తుంది. 1974లో ఐక్యరాజ్యసమితిలో చేరారు. మనం అక్కడే క్యాంపు వేసుకుని కూర్చుని వాళ్ళకి మన పాస్‌పోర్టులు పంచి ఉంటే దాన్ని ఇవాళ ఎవరు దేశం అనేవారు?

గోదారి_అక్క:

మాస్టారూ, డాక్టర్ తమ్ముడూ, అందరికీ చాలా థాంక్స్ అండి. ఓరుగల్లు తమ్ముడు వాళ్ళ నాన్నగారి గురించి రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఈ పోస్టులన్నీ స్క్రీన్‌షాట్లు తీసి చెల్లికి పంపాను. ఇంకో రెండు అడగాలి. ఇంత శత్రుత్వం ఉన్నా జార్జియా, అబ్ఖాజియా మధ్య మాటామంతీ ఏమైనా ఉంటుందా అసలు? ఇంకోటి, చెల్లి ఫ్రెండ్స్ ఎవరో అబ్ఖాజియా బీచ్ బాగుంటుంది, రష్యాలో సోచీ దాకా వెళ్ళి అటునుంచి దాటుదాం అంటున్నారట. వెళ్ళొచ్చా?

పేట_డాక్టర్:

మాటామంతీ అంటే, కలిసి పనిచేసేది ఒకటుంది అక్కా, ఎంగూరి డ్యామ్. 271 మీటర్ల పైన ఎత్తు, డ్యామ్ జార్జియా వైపు, నీళ్ళు కొండలో సొరంగం గుండా కిలోమీటర్ల కొద్దీ పోయి పవర్ హౌస్‌లో పడతాయి, ఆ పవర్ హౌస్ అబ్ఖాజియా వైపు. గేటు వీళ్ళ చేతిలో, టర్బైన్ వాళ్ళ చేతిలో. యుద్ధం తర్వాత కూడా ఇంజినీర్లు కలిసే నడుపుతున్నారు, కరెంటు 60-40 అని నోటిమాట మీదే సర్దుకున్నారు. చలికాలం అటువైపు వాడకం వాటా దాటిపోతుంది, అయినా వీళ్ళు ఆపెయ్యలేదు. ఇంత శత్రుత్వంలోనూ ఆ పని అలా సాగుతూనే ఉంది.

రెండోదానికి ఖచ్చితంగా వద్దు. జార్జియాలో 2008లో ఆక్రమిత ప్రాంతాల చట్టం అని తెచ్చారు, రష్యా వైపు నుంచి అబ్ఖాజియాలోకి గానీ సౌత్ ఒసేతియాలోకి గానీ వెళ్తే వాళ్ళ లెక్కలో నేరం, ఫైన్ గానీ జైలు గానీ, స్టూడెంట్‌కి అలాంటి కేసు పడితే చదువు మీదకే వస్తుంది. ఇండియా వాటిని దేశాలుగా గుర్తించలేదు, లోపల ఏదైనా అయితే మన ఎంబసీ వాళ్ళు వచ్చి చెయ్యగలిగింది కూడా ఏమీ ఉండదు. సముద్రం చూడాలంటే బటూమీ వెళ్ళమనండి, రైల్లో ఐదారు గంటలు.

గోరీ దగ్గర ఆ ఫోటో తీసిన చోటు కూడా, హైవే మీంచి చూస్తే చాలు, ఫోటో బాగా రావాలని పొలంలోకి దిగొద్దని చెప్పండి. ఆవు అటు పోయిందని వెనక వెళ్ళిన రైతుల్నే పట్టుకెళ్ళి సౌత్ ఒసేతియా రాజధాని త్స్‌ఖిన్‌వాలిలో రోజుల తరబడి కూర్చోబెట్టారు, ఒకసారి కాదు చాలాసార్లు. కంచె లేని చోట కూడా గీత ఉంటుంది అక్కడ, అది ఎక్కడుందో ఆ ఊరివాళ్ళకి కూడా ఒక్కోసారి తెలీదు.